ఐసు లెక్క

ఓటు లేనివాణ్ణి నేను. అయినా మీటింగులో
అందరి తలలూ నా వైపే తిరిగాయి.
"ఐసుకి రోజుకెంతవుతుంది ఎల్డన్?"
పాలవాడి బాకీ అడిగినట్టు అడిగాడు అధ్యక్షుడు.
చెప్పాను. కంప్రెసర్ కట్టేస్తే
నాలుగు రోజుల్లో అంతా నీళ్లయిపోతుందనీ చెప్పాను.
అడుగున నేను చేత్తో వేసిన ఎర్రగీతా నీలిగీతలూ
ఆ నీళ్లలో కలిసి వంగపండు రంగు తిరుగుతాయని
మాత్రం చెప్పలేదు.

సస్కాచువాన్‌లో జనవరి. బయట మైనస్ ముప్ఫై నాలుగు.
కర్లింగ్ హాల్లో కుర్చీకీ కుర్చీకీ మధ్య
ఒక ఆవు పట్టేంత ఖాళీ.

నర్సు మార్లా డ్యూటీ నుంచి తిన్నగా వచ్చింది,
చెంపల మీద మాస్కు గాట్లతో.
"ఆసుపత్రి వంద కిలోమీటర్లు. మంచాలు తొమ్మిది.
మా పిల్ల మీ లెఫ్ట్ వింగ్. దాన్ని నేను పంపను.
తక్కినవాళ్ల సంగతి మీరే చూసుకోండి."
డార్సీ లేచాడు. ఇనుము వంచే మనిషి,
టోపీ అంచు నలుపుతూ నిలబడ్డాడు.
"మా చిన్నది కర్రని పక్కలో వేసుకుని పడుకుంటోంది.
మూడు వారాలుగా. కంచం ముందు కూర్చుని గోడ చూస్తుంది.
మీరనేదొక్కటేనా జబ్బు?"

ఇద్దరిదీ నిజమే. అదే వచ్చిన చిక్కు.
ఒక్కరైనా అబద్ధమాడి ఉంటే
ఈపాటికి ఇళ్లకెళ్లి సూపు తాగుతుండేవాళ్లం.
ఎవరో రాజీ తెచ్చారు: నలుగురేసి రావాలి,
కర్ర తగలకూడదు, భుజం తగలకూడదు,
గోల్ కొడితే కౌగిలించుకోకూడదు.
కర్ర విరక్కుండా పాము చావాలన్నమాట.

"పిల్లలకేం కాదుగా" అని వెనక వరసలోంచి ఒక గొంతు.
ఆ తర్వాత హీటరు చప్పుడొక్కటే.
ఎవరూ క్యాంటీన్ కిటికీ వైపు చూడలేదు.
పరాస్కా అక్కడే పిరోగీలు అమ్మేది,
మాడినవి పిల్లలకి ఊరికే ఇచ్చేది,
కొన్ని కావాలనే మాడ్చేదని నాకు తెలుసు.
నవంబరు టోర్నమెంటు: మూడు జట్లు, రెండు బస్సులు,
చేతులు మారిన నీళ్ల సీసాలు.
పాసంటే అంతేగా, నీ దగ్గరున్నది
పక్కవాళ్లకి అందించడం. మేం నేర్పిందే.
ఎవరు ఎవరికి అందించారో స్కోరు షీటులో లేదు.

నిర్ణయం గురువారానికి వాయిదా.

తాళాలు వేద్దామని వెళ్తే రింకు గుమ్మంలో ఒరీసియా,
పరాస్కా మనవరాలు, పదకొండేళ్లు, గోలీ.
కాళ్లకి పరుపుల్లాంటి ప్యాడ్లు.
"ఒక్కదాన్నే. ఒక్కదానికి రూలు లేదుగా?"
లేదు. తలుపు తీశాను.
వెళ్లి గోల్ ముందు నిలబడింది.
అప్పుడు తట్టింది మా ఇద్దరికీ:
గోలీ ఒక్కతీ ఆడలేదు. కొట్టేవాళ్లుండాలి.

అరవై రెండేళ్లు నాకు, ఎడమ మోకాలు నా మాట వినదు.
మాస్కు బిగించి, ఎవరో వదిలేసిన కర్ర తీసుకుని
నీలిగీత దగ్గర ఆగాను.
మూడు మీటర్లేం ఖర్మ, ఇరవై దాకా ఉంటుంది.
కొట్టాను. ఆపింది. తిరిగి పంపింది.
కొట్టాను. ఆపింది.
ఏడోసారో ఎనిమిదోసారో పక్ తిరిగి రాలేదు.
దాన్ని కర్ర కింద నొక్కిపట్టి,
హెల్మెట్ ఊచల వెనక నుంచి అంది:
"ఆ సీసా నాది. బామ్మకి దాహమైతే ఇచ్చాను."

దగ్గరికెళ్లి భుజం మీద చెయ్యి వెయ్యాలి మనిషన్నవాడు.
మధ్యలో ఇరవై మీటర్ల ఐసు.
దీని ఖర్చెంతో నన్నెవరూ అడగలేదు.
"అందరి సీసాలూ అందరూ తాగారమ్మా," అన్నాను.
మాట మాస్కులోనే తడిసిపోయింది.

గోడ వెనక కంప్రెసర్ ముసలికుక్కలా రొప్పుతోంది.
"దాన్నాపెయ్యండి ఎల్డన్," అంది.
పక్‌ని మెల్లగా నా వైపు తోసింది.
తర్వాత మోకాళ్లు వంచి,
గ్లవ్ పైకెత్తి:

"ఇంకొక్కటి కొట్టండి."